పసుపు పెట్టిన పనిబల్ల

మొన్నమొన్నటి దాకా మా దుకాణంలో నడిచిన తమాషా చెబితే ఎవరూ నమ్మరు. గోడ వారగా మంచి పాత టేకు బల్ల. ఇద్దరు మనుషులు ఎక్కి పడుకున్నా కిర్రుమనదు. దాని ముందంచు పొడవునా పసుపు, పసుపు మీద వరసగా కుంకుమ బొట్లు, నడుమ రెండు మందార పూలు. ఆ బల్ల చేసింది మా ఆయనే. చేసుకున్నది నిలబడి పని చేయడానికి. మరి ఆయన ఎక్కడ పని చేస్తున్నాడయ్యా అంటే, ఆ బల్ల పక్కనే, నేల మీద, గోనెసంచి పరుచుకుని.

అది చూసినప్పుడల్లా నాకు తల గోడకేసి కొట్టాలనిపించేది. నా తల కాదు, వాళ్ళిద్దరి తలలు. వాళ్ళిద్దరంటే మా ఆయన లక్ష్మీరాజం, ఆయన్ని కన్న మా అత్తమ్మ కొమురవ్వ.

మాది సిద్దిపేటలో వడ్లపని, అంటే వడ్రంగం దుకాణం. మెదక్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే గల్లీలో రేకుల కప్పు, ఇనుప షట్టరు. ఇల్లు రెండు గల్లీల అవతల. దర్వాజ చట్రాలు, తలుపులు, కిటికీలు ఆయన చేతిలోంచి ఎన్ని పోయాయో లెక్క లేదు. అన్నీ నేల మీద కూర్చుని చేసినవే. వాళ్ళ నాయన అట్లాగే చేశాడు, తాతా అట్లాగే చేశాడు. కట్టెను రెండు పాదాల మధ్య ఒత్తి పట్టుకుని, రెండు చేతులతో చిత్రిక పట్టే రందా తోస్తాడు. రందా కింది నుంచి పొట్టు చుట్టలు చుట్టలుగా లేస్తుంది, కట్టె నున్నబడుతుంది. చిన్న ముక్క అయితే బొటనవేలితో అదిమి పట్టి ఉలి పెడతాడు. ఆయన పాదాల నిండా పాత ఉలి గీతలే. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కాలివేళ్ళ సందుల నిండా పొట్టు ఉంటుంది. కాళ్ళు కడుక్కోకుండా లోపల అడుగు పెట్టవద్దని పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టిన గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. వాకిట్లో బకెట్టు నీళ్ళు పెట్టేది నేనే, తిట్టేదీ నేనే.

రెండేళ్ళ కింద మోకాళ్ళు మొరాయించాయి. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించి, కీళ్ళు అరిగాయి, ఇక నేల మీద కూర్చోవద్దు అన్నాడు. నిలబడి పని చేసుకో, పొద్దున సాయంత్రం కాస్త నడువు అన్నాడు.

"నడుసుడు సరే. నిలవడి వడ్లపని ఎవలన్న చేస్తరా?" దవాఖాన మెట్లు దిగుతూ మా ఆయన గొణిగాడు.

"అందరు చేస్తున్రు. బల్ల వెట్టుకోని చేస్తున్రు. నువ్వొక్కనివే నేలకు అతుక్కున్నవు."

నడక సంగతి కూడా అంతంతే. ఊరు ఊరంతా సాయంత్రమయ్యేసరికి కోమటి చెరువు కట్ట మీద నడుస్తుంది. నన్ను ఒక్కసారి తీసుకుపొమ్మని ఎన్నిసార్లు అడిగానో. మొదట్లో పనుంది అనేవాడు. మోకాళ్ళు పట్టేశాక కాళ్ళు నొప్పులు అన్నాడు. రెండింటికీ నేను నోరు మూసుకున్నాను.

ఇక్కడ మా తమ్ముడు కర్ణాకర్ సంగతి చెప్పాలి. కరీంనగర్ రోడ్డులో వాడికి రెడీమేడ్ తలుపుల దుకాణం ఉంది. మంచి పిల్లాడు, బావంటే ప్రాణం. "బావా, నా దుకాన్ల కుర్చీల కూసో. వచ్చినోళ్ళకు తలుపులు సూపెట్టు, సాలు. మోకాళ్ళకు తకలీబుండదు," అన్నాడు. వాడి మాటలో తప్పేమీ లేదు. కానీ నాకది మింగుడు పడలేదు. మా ఆయన సంగతి నాకు తెలుసు. రెడీమేడ్ తలుపును వేలి కణుపుతో టకటకా కొట్టి, లోపల ఏమీ లేదని కొనేవాడి ముందే చెప్పే రకం. ఆ కుర్చీలో కూర్చోబెడితే వాడి బేరాలు పోతాయి, అది పక్కన పెట్టండి. మనిషి పోతాడు. చేతిలో ఉలి లేని లక్ష్మీరాజం ఎట్లా ఉంటాడో జ్వరం వచ్చిన రోజుల్లో చూశాను. గోడకేసి చూస్తూ కూర్చుంటాడు, అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. మిగతా కాలమంతా అట్లాంటి మనిషితో కాపురం చేయాలంటే నాకు భయమేసింది. అందుకే బల్ల, బల్ల అని వెంటపడ్డాను.

కట్టె దానంతట అదే దొరికింది. పాత బజారులో లింగమూర్తి సారు పెంకుటిల్లు విప్పి కొత్తది కట్టుకున్నాడు. కొత్త ఇంటి తలుపులన్నీ మా ఆయనే చేశాడు. పాత ఇంటి దూలాలు, దర్వాజ, గడప, ఏం కావాలంటే అది తీసుకుపో రాజం అన్నాడు సారు. ట్రాలీ ఆటోలో వేసుకుని వచ్చాడు. అంత లావు టేకు ఇప్పుడు ఎవరు చూపించినా చూడటానికి పోవచ్చు.

కట్టె వచ్చింది. బల్ల రాలేదు.

ముందు కట్టె ఆరాలన్నాడు. తాతల నాటి నుంచి ఇంటి కప్పు కింద ఆరుతున్న కట్టె ఇంకా ఎంత ఆరుతుందయ్యా అంటే, దానికి మన దుకాణం గాలి అలవాటు కావాలన్నాడు. తర్వాత కొమురవెల్లి జాతర వచ్చింది, మల్లన్న దగ్గరికి పోయి వచ్చాక మొదలుపెడతానన్నాడు. పోయి వచ్చాక అమావాస్య అడ్డం వచ్చింది. మొదలుపెట్టిన నాడు రందా పోయి పాత మేకుకు తగిలింది, బ్లేడు అంచు విరిగింది. ఇక ఆ కట్టెలో ఎక్కడెక్కడ మేకులున్నాయో వెతికి లాగడమే ఒక ఉద్యోగమైంది. పక్కపక్కన చెక్కలు పేర్చి, జిగురు పూసి, క్లాంపులు బిగించి, రేపు విప్పుతా ఎల్లుండి విప్పుతా అని వాటి చుట్టూ తిరిగాడు. అన్నిటికన్నా లావుగా ఉన్న గడపను ముందంచుకు పెట్టాడు. దెబ్బ పడేది అక్కడే కాబట్టి బరువు అక్కడే ఉండాలట. అది నాకూ బాగానే అనిపించింది.

గడపకు రెండు కొసల్లోనూ దర్వాజ నిలువు కట్టెలు దిగే పెద్ద బొక్కలుంటాయి కదా. బల్ల మీద బొక్కలుంటే చూసినవాళ్ళు నవ్వుతారని వాటిని పూడ్చడానికి కూర్చున్నాడు. అదే టేకులోంచి ముక్కలు తీసి, గీర, అంటే కట్టె లోపలి చారలు, కలిసేట్టు తిప్పి తిప్పి చూసి, దిగ్గొట్టి, మీద రందా పట్టాడు. వేలు పెట్టి తడిమితే తప్ప అక్కడ అతుకుందని తెలియదు. ఆయన పనితనం అట్లాంటిది, కాదనను. కానీ సుత్తె దెబ్బలు తినే బల్లకు అంత సొగసు ఎందుకో నాకు అర్థం కాలేదు.

దుకాణంలో జాగా చాలదని బల్లను గల్లీలోనే బిగించాడు. కాళ్ళు, అడ్డపట్టీలు, బోల్టులు, అన్నీ అయ్యాక నలుగురిని పిలిచి లోపలికి ఎత్తించాడు. బల్ల షట్టరు దగ్గర ఆగిపోయింది. పక్కకు తిప్పినా పట్టలేదు, నిలబెట్టినా పట్టలేదు. ఊరందరి గుమ్మాలు కొలిచే మనిషి తన దుకాణం గుమ్మం కొలుచుకోలేదు. మళ్ళీ బోల్టులన్నీ విప్పి, కాళ్ళు విడిగా, పైచెక్క విడిగా లోపలికి మోసి, మళ్ళీ బిగించారు. మోసినవాళ్ళు చాయ్ తాగుతూ నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. అయిందిరా దేవుడా అని ఊపిరి పీల్చుకున్నాను.

అది గురువారం. మర్నాడు శుక్రవారం అత్తమ్మ వచ్చింది.

అత్తమ్మకు నడుం వంగింది గానీ కళ్ళు బాగానే ఉన్నాయి. చేతికట్టె పొడుచుకుంటూ లోపలికి వచ్చి, బల్ల చుట్టూ తిరిగి, ముందంచు దగ్గర ఆగింది.

"గిది గడప గద రా రాజం."

"అవ్ అవ్వ. లింగమూర్తి సారు ఇంటిది."

ఆమె ఇంటికి పోయి పసుపు కలిపి తెచ్చింది. గడప చెక్క పొడవునా పూసింది, బొట్లు పెట్టింది, దండం పెట్టుకుంది. అప్పుడు చెప్పింది. "గడప మీద కూసుంటెనె తిడుతం. తొక్కితె తిడుతం. దాని మీద సుత్తె వెట్టి కొడుతవా? నేను బతికున్నన్ని దినాలు కుదరదు."

నేను ఊరుకుంటానా. "అత్తమ్మా, గా ఇల్లే లేదు. ఇల్లు లేనిదానికి గడపేంది?" అన్నాను.

"మీ మామ లేడు. మరి నేను గీ ఇంటి మనిషిని కాకుంట పోయిన్నా?"

మా ఆయన వైపు చూశాను. ఆయన బుద్ధిమంతుడిలా నిలబడి, "అవ్వ వద్దంటున్నది గద," అన్నాడు. బీడీ మానమని ఈ అవ్వే మొత్తుకుంటే బాత్రూం వెనక నిలబడి కాల్చిన మనిషి. గురువారం మాంసం వద్దంటే పక్కింట్లో తిని వచ్చిన మనిషి. ఆ పెద్దమనిషికి ఇప్పుడు అవ్వ మాట వేదమైంది. గోనెసంచి తీసుకుని బల్ల పక్కనే నేల మీద కూలబడ్డాడు.

నేను గుడి పంతులు దగ్గరికి పోయాను. విప్పిన ఇంటి గడపకు దోషమేమీ ఉండదమ్మా, ఒక కొబ్బరికాయ కొట్టి వాడుకోండి అన్నాడాయన. వచ్చి అత్తమ్మకు చెబితే, "ఆయన ఇంట్ల గడప మీద ఆయన కొట్టుకుంటడేమో అడుగు," అంది. దుకాణానికి వచ్చేవాళ్ళు కూడా తక్కువ వాళ్ళేం కాదు. పసుపు చూసి చెప్పులు బయట విడిచేవాళ్ళు, బల్లను ముట్టి కళ్ళకద్దుకునేవాళ్ళు. ఎదురింటి పద్మమ్మ అయితే ఒకనాడు అగరొత్తి వెలిగించి గుచ్చిపోయింది. చుట్టూ పొట్టు, కట్టె, వార్నిషు డబ్బాలు. నేను పోయేసరికి నిప్పు రవ్వలు నేల మీద రాలుతున్నాయి. ఆ రోజు నేను పద్మమ్మను అన్న మాటలు ఇక్కడ రాయను.

ఇట్లా ఉండగా కుకునూరుపల్లి మైసయ్య వచ్చాడు. ఇల్లు కడుతున్నాడు, దర్వాజ కావాలి. పంతులు ముహూర్తం పెట్టాడు, వచ్చే గురువారం దర్వాజ నిలబెట్టాలి. ముహూర్తం అంటే ముహూర్తమే, తప్పితే మళ్ళీ మూఢం పోయేదాకా గోడ లేవదు. మిల్లులో కోయించిన కట్టె తెచ్చి దించిపోయాడు. మా ఆయన నేల మీద కూర్చుని మొదలుపెట్టాడు. ఒక పొద్దు చేస్తే మర్నాడు లేవలేడు. మోకాలు వాచి గుమ్మడిపండులా అయింది. నేను ఉప్పు కాపడం పెడుతూ తిడుతున్నాను, ఆయన కళ్ళు మూసుకుని వింటున్నాడు.

"గీ దర్వాజ ఒక్కటి ఎట్లన్న ఇచ్చేస్త అనసూర్యా. ఇచ్చి కర్ణాకర్ దగ్గర కూసుంట," అన్నాడు ఆ సాయంత్రం.

నేను నమ్మలేదు. మర్నాడు దుకాణంలో చూస్తే, ఆ దర్వాజకు అక్కరలేని ఉలులు, చిన్న రంపాలు, వాళ్ళ నాయన వాడిన బాడిశ, అన్నింటికీ నూనె రాసి పాత లుంగీ గుడ్డలో మూట కట్టి పెట్టాడు. తాడు మూడు చుట్లు చుట్టి ముడి వేశాడు. ఆ ముడి చూశాక నాకు ఏడుపు వచ్చింది. ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. పక్కన అంత బల్ల పెట్టుకుని, అవ్వ పసుపు పూసిందని పని మానేసే మనిషిని ఏమనాలి?

సోమవారం మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని బయలుదేరాను. జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర. అత్తమ్మ కూడా వస్తానంది. నాలుగు రోజులుగా పూలు మార్చలేదట, బల్లకు. నేను పళ్ళు కొరుక్కుని ముందు నడిచాను. ఆమె చేతికట్టె పొడుచుకుంటూ వెనక వస్తోంది.

షట్టరు సగం దించి ఉంది. పట్టపగలు షట్టరెందుకు దించాడా అని వంగి చూశాను.

మా ఆయన నిలబడి ఉన్నాడు. బల్ల దగ్గర. పసుపు మీద తన తువ్వాల పరిచి, దాని మీద మైసయ్య దర్వాజ పై అడ్డకట్టె పెట్టి, రందా తోస్తున్నాడు. అవ్వ మాట వేదమన్న మనిషి దొంగచాటుగా బల్ల వాడుతున్నాడు. సంతోషపడబోయాను. అంతలో కట్టె జారింది. రందాతో పాటే కట్టె కూడా ముందుకు పోయి గోడకు తగిలింది. వెనక్కి లాక్కుని మళ్ళీ తోశాడు, మళ్ళీ జారింది. ఎడమ చేత్తో కట్టెను అదిమి పట్టి కుడి చేత్తో తోశాడు. రందా పక్కకు పోయి నున్నటి కట్టె మీద గాటు పడింది. ఆయన ఆ గాటును వేలితో తడిమి చూశాడు. తర్వాత రెండు చేతులతో తన కుడికాలు పట్టుకుని పైకి ఎత్తి, బల్ల మీద పెట్టాడు. పాదంతో కట్టెను పట్టుకోవాలని చూస్తున్నాడు. ఆ మోకాలితో. ఒంటికాలి మీద ఊగుతూ, గోడ ఆసరా కోసం చెయ్యి చాపాడు.

డబ్బా కింద పెట్టి షట్టరు కింది నుంచి దూరి పోయి పట్టుకున్నాను. లేకపోతే వెనక్కి పడేవాడు.

"ఏం చేస్తున్నవయ్యా?"

ఆయన కాలు దింపాడు.

"ఎన్నొద్దులాయె గిట్ల?"

"బల్ల వెట్టిన కాన్నుంచి. నువ్వు ఇంటికి పోయినంక చూస్తున్న, అయితదేమోనని."

"మరి అవ్వ వద్దన్నది అవ్వ వద్దన్నది అని..."

"నా కాళ్ళే గద అనసూర్యా కట్టెను పట్టుకునేటియి," అన్నాడు. గొంతు బాగా తగ్గిపోయింది. "నిలవడితె కట్టెను ఎవలు పట్టుకోవాలె? నిన్న పనిల జేరినోని లెక్క అయితున్న. దుకాన్ల ఎవలన్న చూస్తె నవ్వుతరు. అవ్వ పసుపు వెట్టంగనె బచాయించిన అనుకున్న. నాకు చాతగాదు అని చెప్పే బాధ తప్పింది."

అంటే ఇన్నాళ్ళూ నేను పంతులు దగ్గరికి పోయింది, అత్తమ్మతో వాదించింది, పద్మమ్మను తిట్టింది, అంతా గాలికి పోయింది. మనిషి అవ్వ కొంగు చాటున దాక్కున్నాడు, ఈ వయసులో. కోపంతో ఒళ్ళు మండింది. కానీ ఆయన తన పాదాల వైపు చూసుకుంటున్న తీరు చూసి ఆ కోపం మింగేశాను.

షట్టరు కింద చేతికట్టె చప్పుడైంది. అత్తమ్మ. ఆమె వంగే పని లేదు, ఎప్పుడూ వంగే ఉంటుంది, అట్లాగే లోపలికి వచ్చింది. ఎంతసేపటి నుంచి అక్కడ ఉందో తెలియదు. తువ్వాల పక్కకు జరిగిపోయింది. పసుపు మీద ఆయన పాదం గుర్తు అచ్చు పడి ఉంది, అయిదు వేళ్ళతో సహా. గడప మీద కాలు. ఇక ఈ రోజు ఇల్లు పీకి పందిరి వేస్తుందని నేను డబ్బా తీసుకుని పక్కకు జరిగాను.

అత్తమ్మ ఆ పాదం గుర్తును చూసింది. కొడుకు మోకాలిని చూసింది. బల్ల దగ్గరికి పోయి, చేత్తో గడప చెక్కను ఈ కొస నుంచి తడుముతూ పోయింది. ఒక దగ్గర వేళ్ళు ఆగాయి.

"గీడ బొక్క ఉండాలె గద. ఏం చేసినవు?"

"పూడ్చిన," అన్నాడు మా ఆయన.

"ఎందుకు?"

"బల్ల మీద బొక్కలుంటె మంచిగుండదని."

"దర్వాజ కాళ్ళు నిలవడ్డ జాగ రా గది," అంది అత్తమ్మ. కోపం లేదు, మామూలుగానే అంది. "గంత బరువు తలుపులు దినాం తెరిసిన్రు, మూసిన్రు, గాలికి కొట్టుకున్నయి. గా కాళ్ళు ఇంచన్న కదిలినయా? గడప పట్టుకున్నది. నీ కట్టెను పట్టుకోదా?"

మా ఆయన అతుకు దగ్గరికి వచ్చి దాన్ని వేలితో నొక్కాడు. అవతలి కొసకు పోయి రెండో అతుకును నొక్కాడు. మధ్య దూరాన్ని జానలతో కొలిచాడు. మైసయ్య కట్టెను కళ్ళతో కొలిచాడు. అప్పుడు ఆయన మొహం మారింది. పని దొరికినప్పుడు మారే మొహం అది, నాకు తెలుసు.

తాడు కట్టిన పనిముట్ల మూట విప్పాడు. ఉలి తీశాడు, సుత్తె అందుకున్నాడు. ఉలిని అతుకు మీద పెట్టి ఆగిపోయి అవ్వ వైపు చూశాడు.

అత్తమ్మ తన చీర కొంగుతో పైభాగం మీది పసుపు తుడిచేసింది. పాదం గుర్తు కూడా పోయింది. "కొట్టు," అంది. "మొదాల గడప చేసినోడు ఉలి పెట్టకుంటనే చేసిండా?"

నాకు ఆగలేదు. "అత్తమ్మా, గీ మాట మొదలే చెప్తె ఏం పోతుండె? ఇన్ని దినాలు మమ్ముల సతాయించవడితివి."

"వాడు నాకు చెప్పిండా, కట్టె నిలుస్తలేదని? గడప మీద సుత్తె కొడుతనన్నడు, వద్దన్న. గంతె. చాతనయితలేదని చెప్పినోనికి చెప్తరు గని, నోరు మూసుకున్నోనికి ఏం చెప్తరు?"

మా ఆయన తల వంచుకుని సుత్తె వేశాడు.

అతుకు రాలేదు. అంత బాగా పూడ్చాడు మరి. జిగురు, గీర కలిపిన టేకు, వెంట్రుక దూరే సందు లేదు. తన పనితనాన్ని తానే తిట్టుకుంటూ, చెమటలు కక్కుతూ, ముక్కలు ముక్కలుగా తొలిచాడు. నేను రొట్టె తినమంటే తినలేదు. రెండు బొక్కలూ తెరుచుకునేసరికి పొద్దు వాలింది. తుమ్మ కట్టెతో రెండు గూటాలు చెక్కి వాటిలో దించాడు, పిడికెడెత్తు పైకి ఉండేట్టు. అడ్డకట్టె తల ఒక గూటానికి ఆనించి, తోకకు, రెండో గూటానికి మధ్య ఒక చీల బిగించాడు. రందా తీసుకుని, నిలబడి, తోశాడు.

కట్టె కదల్లేదు. పొట్టు కట్టె పొడవునా లేచి, చుట్టలు చుట్టుకుని, బల్ల అంచు దాటి కింద పడింది. ఆయన ఇంకోసారి తోశాడు. ఇంకోసారి. అత్తమ్మ తలుపు చెక్కల దొంతి మీద కూర్చుని, తుడిచిన కొంగును చూసుకుంటూ, పసుపు మరక పోదని నన్ను తిట్టింది.

బుధవారం రాత్రికి దర్వాజ అయింది. గాటు పడిన చోటును ఆయన గోడలోకి పోయే వైపుకు తిప్పుకున్నాడు. గురువారం తెల్లవారుతుండగానే మైసయ్య ట్రాక్టరు తెచ్చి దర్వాజతో పాటు మమ్మల్నిద్దరినీ తీసుకుపోయాడు. వేళకు నిలబెట్టారు. కొత్త గడపకు మైసయ్య భార్య పసుపు పూస్తుంటే మా ఆయన దాని రెండు కొసల్లో దిగిన నిలువు కట్టెలను చేత్తో ఊపి చూశాడు. అవి కదల్లేదు. నేను అక్కడి నుంచే కర్ణాకర్‌కు ఫోను చేశాను. "తమ్మీ, గా కుర్చీల ఇంకెవలనన్న కూసోవెట్టుకో," అన్నాను. వాడు ఎందుకక్కా అని అడుగుతుంటే పెట్టేశాను.

మర్నాడు శుక్రవారం అత్తమ్మ మళ్ళీ పసుపు గిన్నెతో దుకాణానికి పోయింది. నేను వెనకే పరుగెత్తాను. ఆమె బల్ల పైభాగం జోలికి పోలేదు. గడప చెక్క ముందు వైపు, మనిషి పొట్ట ఆనే చోట, నిలువు అంచుకు మాత్రం పూసి బొట్లు పెట్టింది. సాయంత్రానికి మా ఆయన బనీను మీద పసుపు, కుంకుమ. ఇప్పుడు ప్రతి శుక్రవారం నేను ఉతుక్కుంటున్నాను.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేసరికి అలవాటు ప్రకారం వాకిట్లో బకెట్టు పెట్టి ఉంది. ఆయన చెంబు ముంచి, పోసుకోబోయి ఆగాడు. వంగి పాదాలు చూసుకున్నాడు. వేళ్ళ సందుల్లో పొట్టు లేదు. మడమల మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. బనీను నిండా, చేతుల నిండా, మీసాల నిండా ఉంది పొట్టు. కాళ్ళకు మాత్రం లేదు.

"ఇగ వీటికి పనిలేదు అనసూర్యా," అన్నాడు.

ఇన్నేళ్ళ నుంచి ఆ పొట్టును తిట్టిన దాన్ని నేనే. ఆ రోజు తిట్టడానికి అది లేదు. ఆయన ఆ పాత గీతల పాదాలను, చనిపోయిన ఎద్దులను చూసినట్టు చూస్తున్నాడు. నాకు దుఃఖం వచ్చింది, దాని వెంటనే కోపం కూడా వచ్చింది.

"పనిలేకుంటె నడువుమను," అన్నాను. "పెండ్లయిన కాన్నుంచి కోమటి చెరువు కట్ట మీదికి పోదమంటే మొదాల వాటికి పనుండె. తర్వాత నొప్పులుండె. ఇప్పుడు పనిలేదంటున్నవు గద. ఇగ నాకియ్యి."

ఆయన నా మొహం వైపు చూశాడు. తర్వాత చెంబులో నీళ్ళు కాళ్ళ మీద పోసుకుని, తుడుచుకుని, గూట్లోంచి చెప్పులు తీసి వేసుకున్నాడు.

నేను కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "అత్తమ్మా, పొయ్యి మీద అన్నం చూడు," అని కేకేసి, ఆయన మనసు మారేలోపే గేటు తీశాను.